రికార్డులో లేని కేసు

ఎంక్వైరీ ఆయన వచ్చేసరికి మేస్త్రీ షాపులో లేడు. ఎవరి బోరులోనో మోటారు కాలిపోతే పైకి తీయించడానికి వెళ్ళాడు. షాపులో ఆయన భార్య ఒక్కతే కూర్చుని కాయిల్ చుడుతోంది. వీధిలో అందరూ ఆమెను వైండింగక్క అంటారు. కాలిన మోటారు విప్పి, పాత రాగితీగ పీకి, కొత్తది చుట్టడంలో మొగుడికి ఎంత చెయ్యి తిరిగిందో ఆమెకీ అంతే తిరిగింది.

వచ్చినాయన యూనిఫాంలో లేడు. మామూలు చొక్కా, చంకలో అట్ట ఫైలు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వయసు. షాపు మెట్టెక్కకముందే ఎదురు కిరాణా కొట్లోనూ, పక్కన ఇస్త్రీ బండి దగ్గరా నిలబడి చాలాసేపు మాట్లాడాడు. వైండింగక్క తీగ చుడుతూనే అదంతా ఓరకంట చూసింది. మన సంగతి మనల్ని అడగకముందు పక్కవాళ్ళని అడిగే మనిషంటే ఆమెకు పడదు.

"మీ మరిదిగారు ఫైర్ డిపార్టుమెంటులో సెలెక్టయ్యారు కదమ్మా. పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చాను."

"రండి, కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దానికి వార్నిష్ అంటుకుంది. దీనిమీద కూర్చోండి."

ఆయన కూర్చుని ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"కుర్రాడు ఎలాంటివాడు?"

"మా మరిదని చెప్పుకోవడం కాదండీ, చిన్నప్పట్నుంచీ పుస్తకం తప్ప లోకం తెలీదు. ఇంట్లో వాడి పేరే పంతులు."

"తాగుడూ గీగుడూ?"

"టీ కూడా చల్లారబెట్టుకుని తాగుతాడు."

ఆయన నవ్వలేదు. "కేసులేమైనా ఉన్నాయా?"

"వాడి మీదా? చీమ అడ్డమొస్తే చుట్టూ తిరిగి వెళ్ళే రకం వాడు."

"మరి తనే ఉందని రాశాడే?"

వైండింగక్క చేతిలో తీగ ఆగిపోయింది.

ఆయన ఫైలు తెరిచి, ఆమెకు కనిపించకుండా వంచి పట్టుకుని చదివాడు. తొమ్మిదేళ్ళ కిందట ముగ్గురు కుర్రాళ్ళు ఒకే బండి మీద వెళుతూ సిగ్నల్ దాటేశారు. ఆపిన కానిస్టేబుల్‌తో వాదన పెట్టుకున్నారు. బండి నడిపింది తనేననీ, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాననీ పంతులు అప్లికేషన్‌లో స్వయంగా రాసుకున్నాడు. స్టేషన్ పేరూ ఏడాదీ కూడా రాశాడు.

"ఆ స్టేషన్లో పాత పుస్తకాలన్నీ తిరగేయించానమ్మా. మీ మరిది పేరుతో ఏమీ లేదు. ఉన్నది లేదని రాసేవాళ్ళని పట్టుకోవడమే నా ఉద్యోగం. లేనిది ఉందని రాసుకున్నవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు."

"పొరపాటున రాశాడేమోనండీ."

"పొరపాటున లేదని రాస్తారు గానీ ఉందని ఎవరూ రాయరు. చిన్నది చూపించి పెద్దది దాచేవాళ్ళు కొందరుంటారు. కాపలా కుక్క ముందు ఎముక ముక్క పడేసి లోపలికి దూరినట్టు." ఫైలు మూసి, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు. "అప్పట్లో మీ ఇంట్లో బండి ఉండేదా?"

"ఉండేది. మా ఆయనది. అమ్మేశాం."

"ఎవరెవరు నడిపేవాళ్ళు?"

"మా ఆయన. మా తమ్ముడు కూడా తీసేవాడు. అప్పట్లో మా దగ్గరే ఉండి పని నేర్చుకునేవాడు."

"ఇప్పుడెక్కడ?"

"వేరే ఊళ్ళో."

"ఎందుకెళ్ళిపోయాడు?"

"పని దొరికిందండీ," అంది వైండింగక్క. అది అబద్ధమని ఆయనకు తెలిసిపోయిందేమోనని ఆమెకు అనుమానం వేసింది. ఆయన చిన్న కాగితం మీద ఏదో గీక్కుని లేచాడు.

"ఎల్లుండి పొద్దున వస్తాను. అన్నదమ్ములిద్దరూ ఉండాలి."

"అన్నెందుకండీ?"

"ఉండమనండి," అని మెట్టు దిగిపోయాడు.

ఆ తరవాత ఆమె చుట్టిన కాయిల్ చుట్టినట్టే వదులైపోయింది. విప్పి మళ్ళీ చుట్టింది. మళ్ళీ అంతే.

ఎనిమిదేళ్ళ కిందట మేస్త్రీకి కూడా గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టే వచ్చి పోయింది. నీటి సరఫరా ఆఫీసులో పంపు ఆపరేటర్. పరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషన్‌లో మాత్రం ఆయన పేరు మీద ఒక పెట్టీ కేసు బయటపడింది. కేసులేమైనా ఉన్నాయా అన్న చోట ఆయన లేవని రాశాడు. "కేసు చిన్నదేనయ్యా. ఉందని రాసుంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. దాచావు చూడు, అదీ తప్పు," అన్నారు ఆఫీసులో. నేను కాదు బాబూ అంటే వినలేదు. ఆయన పేరు, తండ్రి పేరు, లైసెన్సు నంబరు, అన్నీ సరిపోయాయి.

లైసెన్సు ఎప్పుడూ బండి డబ్బాలోనే ఉండేది. ఆ బండిని ఎక్కువగా తీసుకెళ్ళేది వైండింగక్క తమ్ముడు. సోఫాలు కుట్టే పని నేర్చుకుంటూ నోట్లో ఎప్పుడూ చిన్న మేకులు పెట్టుకుని తిరిగేవాడని వాణ్ణి మేకులోడు అనేవాళ్ళు. మేస్త్రీ వాణ్ణి నిలదీశాడు. వాడు నేను కాదన్నాడు. ఒట్టేశాడు. ఏడ్చాడు. "నీ మాట నమ్మమంటావా, కోర్టు కాగితం నమ్మమంటావా?" అని మేస్త్రీ వాడి పెట్టె తీసి వీధిలో పెట్టాడు. వైండింగక్క ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు. అప్పట్నుంచీ వాడి మొహం చూసింది లేదు.

ఇప్పుడు ఆమెకు మొదట వచ్చిన ఆలోచన తమ్ముడి గురించే. వాడు చేసిన పనిని పంతులు తన నెత్తిన వేసుకుంటున్నాడా? ఎందుకు వేసుకుంటాడు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మధ్యాహ్నం దాటాక ఆ లైసెన్సు గుర్తొచ్చింది. వానలో తడిసి ఫొటో మసకబారిపోయింది. నుదురూ ముక్కూ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ నుదురు వెడల్పుగా ఉండేది, మేస్త్రీ వాళ్ళ వంశం నుదురు. తన తమ్ముడిది బెత్తెడు నుదురు, ఉంగరాల జుట్టు. వాడు ఆ లైసెన్సు చూపిస్తే కళ్ళున్న కానిస్టేబుల్ ఎవడైనా నమ్ముతాడా?

ఇంట్లో ఆ నుదురు ఇంకొకరికే ఉంది.

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు.

సాయంత్రం మేస్త్రీ వచ్చాక ఎంక్వైరీ ఆయన వచ్చి వెళ్ళాడనీ, ఎల్లుండి ఉండమన్నాడనీ మాత్రమే చెప్పింది. మేస్త్రీ గ్రీజు చేతులు కడుక్కుంటూ పొంగిపోయాడు. "ఉంటాను, ఉండనా మరి! మనింట్లో వాడికైనా దక్కుతోంది." అప్పటికే ఆయన బేరింగుల షాపులోనూ, వార్నిష్ అమ్మే చోటా తమ్ముడు ఫైర్‌మన్ అయిపోయాడని చెప్పేసుకున్నాడు.

భోజనాల దగ్గర వైండింగక్క మరిదినే చూస్తూ కూర్చుంది. అన్న నవ్వితే వాడు నవ్వాడు. అన్న చూపు తిరగ్గానే ఆ నవ్వు మాయమైంది. ఎంక్వైరీ మాట రాగానే నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వాడి వాలకం. అంతకుముందు చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. ఏ అప్లికేషనైనా వదినా ఒకసారి చూడవా అని తెచ్చేవాడు, ఈసారి తేలేదు. మేకులోడి ఊసొస్తే అక్కణ్ణుంచి లేచిపోతాడు. బండి అమ్మేసిన రోజున ఇంటిల్లిపాదీ బాధపడితే వాడొక్కడూ ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

అత్తగారు కూడా ఆ పూట ఎందుకో ఎక్కువ మాట్లాడలేదు. ఆవిడ నోరు మూతపడటం అరుదు. "కోర్టు పక్షులే నాకంటే తక్కువ అరుస్తాయి," అని ఆవిడే చెప్పుకుంటుంది. కోర్టు పక్షులేమిటో ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

మర్నాడు మేస్త్రీ బయటికెళ్ళాక పంతులు గుమ్మం ముందు సైకిలుకి గాలి కొడుతున్నాడు. వైండింగక్క వెళ్ళి పంపు మీద కాలు పెట్టింది.

"ఆ రోజు బండి నడిపింది నువ్వేనా?"

వాడు తలెత్తలేదు. కాదనలేదు. టైరు కేసి చూస్తూనే చెప్పాడు. అన్న నిద్రపోతుంటే బండి తీశాడు, ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకున్నాడు. కానిస్టేబుల్ లైసెన్సు అడిగితే డబ్బాలో ఉన్నది తీసిచ్చాడు. అక్కడ అన్న పేరు చెప్పాక కోర్టులో కూడా అదే పేరుకి పలికాడు.

"జరిమానా కట్టేస్తే పోతుందనుకున్నా వదినా. అన్నయ్య ఉద్యోగానికి అడ్డమొస్తుందని తెలీదు."

"వచ్చాక తెలిసిందిగా? మా వాణ్ణి గెంటేస్తుంటే చూస్తూ నిలబడ్డావుగా? వాడి పెట్టె బస్సు దాకా మోసింది కూడా నువ్వే!"

"చెప్పాలనే మోశాను. బస్సు దగ్గర చెప్దామనుకున్నా. నోరు రాలేదు."

"మరి ఇప్పుడెలా వచ్చింది?"

"రాలేదు. అందుకే రాశాను." వాడు టైరు నొక్కి చూశాడు. "కేసులున్నాయా అన్నచోట మొదట లేవనే రాశా. అన్నయ్య రాసిందీ అదే మాట. ఆయన నిజమే రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, నేను అబద్ధం రాసి తెచ్చుకోబోతున్నా. ఆ కాగితం చింపేసి ఇంకోటి తెచ్చుకున్నా."

"అన్న పేరు చెప్పానని కూడా రాశావా?"

వాడు పంపు గొట్టం టైరు నుంచి ఊడదీశాడు. ఎంక్వైరీ ఆయన అనుమానం నిజమేనని ఆమెకు అర్థమైంది. చిన్నది చూపించాడు, పెద్దది దాచాడు.

"ఎవడో ఆఫీసరుకి చెప్పుకున్నావు గానీ, ఒకే కంచంలో తిన్న అన్నకి చెప్పలేకపోయావు. రేపు ఆయన వచ్చేలోగా నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

ఆమె లోపలికి తిరిగేసరికి తలుపు పక్కన అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూశాక వైండింగక్కకు కోర్టు పక్షుల మాట తట్టింది.

"మీరు కోర్టుకెళ్ళారు," అంది.

అత్తగారు గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. "వాడు ఏడుస్తూ నా దగ్గరికే వచ్చాడమ్మా. నేనే తీసుకెళ్ళా. చెట్ల మీద పక్షుల గోల వింటూ వరండాలో కూర్చున్నా."

"మా వాడి పెట్టె వీధిలో పెట్టిన రోజు కూడా మీకు తెలుసు."

"ఒకడికి ఉద్యోగం ఎలాగూ పోయింది. రెండో వాడు కూడా అన్నకి కాకుండా పోతాడని భయపడ్డా. రెండు కళ్ళలో ఏ కన్ను పొడుచుకోమంటావు?"

"మీ రెండు కళ్ళూ బాగానే ఉన్నాయత్తా. మీరు పొడిచింది నా కన్ను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వైండింగక్క ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి షాపు తాళాలు తీసుకుంది. ఆ రోజంతా అత్తాకోడళ్ళు ఒకరికొకరు ఎదురుపడలేదు. రాత్రి పంతులు రెండుసార్లు అన్న మంచం దాకా వచ్చాడు. ఒకసారి దోమల మందు గురించి అడిగాడు. ఇంకోసారి ఏమీ అడక్కుండానే వెనక్కి పోయాడు.

పొద్దున్నే షాపులో మేస్త్రీ ఒక పంపు విప్పుతుంటే పంతులు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "అన్నయ్యా," అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎంక్వైరీ ఆయన మెట్టెక్కాడు. ఈసారి ముందుగా ఎవరితోనూ మాట్లాడలేదు, నేరుగా వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, మేస్త్రీ ముందు ఒక జిరాక్స్ కాగితం పెట్టాడు.

"మీ తమ్ముడు రాసిన ఏడాదే, రాసిన తప్పే. పేరు మాత్రం మీది. ఇందులో ఉన్నది మీరేనా?"

మేస్త్రీ కాగితాన్ని అందుకోలేదు. ఆ కాగితం ఆయనకు కొత్తది కాదు. ఎనిమిదేళ్ళ కిందట అదే కాగితం ఎదుట పెట్టి ఆయన్ను ఇంటికి పంపేశారు. ముందు కాగితాన్ని చూశాడు. తరవాత తమ్ముణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టబోతే జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"నేనే అంటే ఏమవుతుంది?" అని అడిగాడు చివరికి.

"మీ తమ్ముడు ఇంట్లో జరిగినదాన్ని తనదనుకుని పొరపాటుగా రాశాడని నేను రాసుకుంటాను. ఆయన ఉద్యోగానికి అడ్డుండదు."

"కాదంటే?"

"ఇంకొకరి పేరుతో కోర్టులో నిలబడటం పెట్టీ కేసు కాదండీ."

మేస్త్రీ పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచాడు. "అయితే రాసుకోండి," అన్నాడు. "ఆ రోజు నేనే..."

"మీరే అయితే," అంది వెనకనుంచి వైండింగక్క, "నా తమ్ముణ్ణి ఎందుకు గెంటేశారు?"

ఆమె గొంతు పెద్దగా లేదు. ఇస్త్రీ బండి అతను మాత్రం ఇస్త్రీపెట్టె ఎత్తి అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

"మీ తమ్ముడి మీద ఉన్నది లేదని రాయిస్తున్నారు, సరే. నా తమ్ముడి మీద లేనిది ఉందన్నారు. అది ఎవరు కొట్టేస్తారు? ఏ ఆఫీసుకి వెళ్ళి అడగమంటారు నన్ను?"

ఎంక్వైరీ ఆయన కలం మూత పెట్టేసి ఒకరి తరవాత ఒకరిని చూశాడు. ఈ ఇంట్లో ఇంకేం బయటికొస్తుందో అన్నట్టుంది ఆయన చూపు.

పంతులు ముందుకొచ్చి, "ఆ కలం ఇటివ్వండి సార్," అన్నాడు. బల్ల మీద తీగ చుట్టలు పక్కకి జరిపి, నిలబడే రాశాడు. బండి తీసిన దగ్గర్నుంచీ కోర్టులో అన్న పేరుకి పలికిన దాకా రాశాడు. అన్న బావమరిదికి దానితో సంబంధం లేదని కూడా రాశాడు. "అది మాకక్కర్లేదు బాబూ," అన్నాడు ఎంక్వైరీ ఆయన. "ఉండనివ్వండి," అన్నాడు పంతులు. అమ్మ సంగతి మాత్రం రాయలేదు. వైండింగక్క అది గమనించింది.

ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని మెట్టు దిగబోతూ ఆగాడు. "మొదటే ఇలా రాసుంటే నా పని తేలికయ్యేది," అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఎవరికీ తెలియలేదు.

తరవాత చాలా నెలలు పంతుల్ని ఆఫీసుల చుట్టూ తిప్పారు. ఒకచోట అడిగిందే ఇంకోచోట అడిగారు. ఎవరూ చెప్పమనకుండా ఇప్పుడెందుకు చెప్పావు, నీ వెనక ఎవరున్నారు అని కూడా అడిగారు. చివరికి తానుగా చెప్పుకున్నాడు కాబట్టి కొత్త కేసు పెట్టడం లేదన్నారు, సెలక్షన్ మాత్రం రద్దు చేశారు. ఇంకో ఉద్యోగానికి రాసుకోవచ్చన్నారు. కోర్టులో అర్జీ పెట్టుకుంటే మేస్త్రీ పేరు మీదున్న కేసు కొట్టేశారు. అప్పటికి ఆయనకు ఏ గవర్నమెంటు ఉద్యోగానికైనా వయసు దాటిపోయింది.

పంతులు షాపులో కూర్చుని కాయిల్స్ చుట్టడం మొదలుపెట్టాడు. వాడి చేతికి ఆ పని రాదు. మేస్త్రీ చాలాకాలం వాడితో తీగ ఇవ్వు, టేపు ఇవ్వు అనే తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అయినా వాడు చుట్టినదాన్ని ఎవరికీ తెలియకుండా విప్పి తనే మళ్ళీ చుట్టేవాడు. వైండింగక్క, అత్తగారు ఒకే ఇంట్లో ఉన్నారు. అత్తకు మందులు వేళకి ఇస్తుంది. ఇచ్చేటప్పుడు మాత్రం మొహం చూడదు.

కోర్టు కాగితం వచ్చిన వారంలోనే మొగుడూ పెళ్ళాం బస్సెక్కి మేకులోడి ఊరు వెళ్ళారు. వస్తున్నామని చెప్పలేదు. చెబితే వద్దంటాడని ఆమె భయం. స్టాండు దగ్గర అడిగితే సోఫాల షాపు ఎవరో చూపించారు. వాడు ఒక కుర్చీకి రెక్సిన్ బిగిస్తున్నాడు. నోట్లో మేకులు. జుట్టు ముందువైపు పలచబడింది. వాళ్ళను చూసి లేవలేదు, పొమ్మనలేదు. సుత్తితో ఒక మేకు కొట్టాడు. ఇంకోటి తీసి కొట్టాడు.

మేస్త్రీ ఎక్కడ నిలబడాలో తెలియక పైకి చూశాడు. సీలింగ్ ఫ్యాను గరగరలాడుతోంది. "బేరింగ్ పోయింది దీనికి," అన్నాడు. ఫ్యాను మీంచి చూపు తిప్పకుండానే, "తప్పైపోయిందిరా," అన్నాడు. "నీది కాదని తేలింది. నన్ను ఏమన్నా పడతాను."

మేకులోడు నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకున్నాడు.

"మిమ్మల్ని అనడానికేముంది బావా? ఉద్యోగం పోయి కళ్ళు మూసుకుపోయి ఉన్నారు. ఎదురుగా ఎవడుంటే వాణ్ణి పట్టుకున్నారు." అక్కవైపు తిరిగాడు. "నువ్వు నన్ను అడగనైనా అడగలేదేంటక్కా? నిజమేనా అని ఒక్క మాట. వీధి చివర దాకా వెనక్కి చూసుకుంటూనే వెళ్ళాను."

వైండింగక్క చేతిలో సంచి గట్టిగా పట్టుకుంది. అడిగితే అవునంటాడేమోనని భయపడి అడగలేదు. ఆ మాట పైకి అంటే ఉన్నదానికంటే పెద్ద తప్పవుతుంది. మేస్త్రీ కళ్ళు దించుకున్నాడు.

లోపలి తలుపు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చంకలో పసిబిడ్డ. తమ్ముడి పెళ్ళయిన సంగతే వైండింగక్కకు తెలియదు. ఎవరని ఆ అమ్మాయి కళ్ళతోనే అడిగింది.

"మా అక్క," అన్నాడు మేకులోడు. "ఆయన మా బావ."

ఆ అమ్మాయి వాళ్ళిద్దర్నీ, వాళ్ళ చేతుల్లో ఉన్న సంచినీ మార్చి మార్చి చూసింది. బిడ్డను ఈ చంకనుంచి ఆ చంకకు, వాళ్ళకు దూరంగా ఉన్న వైపుకు మార్చుకుంది.

"తిని వెళ్ళండి," అన్నాడు మేకులోడు. ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. అరచేతిలో మేకులు మళ్ళీ నోట్లో వేసుకుని సుత్తి అందుకున్నాడు.

మేస్త్రీ స్టూలొకటి లాక్కుని, స్విచ్ ఆపమని చెప్పి, ఫ్యాను విప్పడం మొదలుపెట్టాడు. వైండింగక్క సంచి కింద పెట్టి, లోపలికి రమ్మంటారేమోనని ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.